ముప్పై ఒకటో ప్రతి

పేచ్ ఊళ్ళో, కొండకు ఎక్కే సందులో నా కొట్టు.
అద్దాలు కోస్తాను, చట్రాలు బిగిస్తాను,
పటాల్లో ఉన్నవాళ్ళెవరని అడగను.
పెళ్ళిళ్ళు, పట్టాలు, చచ్చిపోయిన కుక్కలు
అన్నిటికీ అవే నాలుగు మూలలు, అవే మేకులు.

ఫిబ్రవరి మంచు బూట్లకు అంటించుకుని
పిరోష్కా అనే ముసలమ్మ వచ్చింది,
పాత పేపర్లో చేపను చుట్టినట్టు చుట్టిన పటంతో.
అద్దం పగిలింది. పిల్లి పని, అంది.

రాగిరేకు మీద సూదితో గీకి,
సిరా రుద్ది, తడికాగితం మీద ఒత్తిన అచ్చు.
కింద పెన్సిల్ రాత: నలభైలో ముప్పై ఒకటి.
ఇలాంటి రేకు ఒత్తినప్పుడల్లా కాస్త అరుగుతుంది.
మొదటి పది కాపీలు మఖమల్ నలుపు.
ముప్పై దాటేసరికి గీతలకు ఆయాసం.

వాన పడబోయే మైదానం. చక్రం ఊడిన బండి.
మెడ లేని వస్తాదు ఒకడు,
వాడి మోకాలెత్తున తీగ మీద నడిచే పిల్ల,
గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని.
గళ్ళ చొక్కావాడి గళ్ళన్నీ ఓపిగ్గా గీసిన చిత్రకారుడు
వాడి ముఖాన్ని మూడు గీతల్లో వదిలేశాడు.
ఎవరూ ఎవరినీ చూడటం లేదు.
గుర్రం మాత్రం నన్ను చూస్తోంది,
బాకీ ఉన్నవాణ్ణి చూసినట్టు.

గాజుముక్కలు ఏరుతుంటే ఆమె వేలు బొమ్మ మీద నడిచింది.
"వీడు బోదొగ్. ఆ ఇనప గుండ్లు బోలువి.
ఇది ఎతెల్క. తీగ మీంచి ఏనాడూ పడలేదు.
సెగెద్‌లో మేడమెట్ల మీంచి పడి పోయింది.
గుర్రం పేరు మర్చిపోయాను. గుర్రం ఏమీ అనుకోదులే."

మీరెక్కడ?
అడగనన్నవాణ్ణి అడిగేశాను.

వేలు బండి దాటింది, చక్రం దాటింది,
కాగితం అయిపోయే కుడి అంచుకు వెళ్ళి ఆగింది.
అక్కడ మూడు నాలుగు నూగు గీతలు.
రేకు తుడిచినవాడి చెయ్యి జారిందనుకున్నాను ఇందాక.

"ఆ పొగ నాది."

బండి వెనక పొయ్యి. పందికొవ్వులో ఉల్లిపాయలు,
దించాక చల్లిన ఎర్ర మిరప్పొడి,
పదకొండు మందికి సరిపడా బంగాళాదుంపలు.
బొమ్మలేసే ఆయన రెండు గిన్నెలు తిన్నాడట.
వెళ్తూ వెళ్తూ, నిన్నూ వేశాను, వెతుక్కో, అన్నాడట.
ఏడాది తర్వాత టపాలో ఈ కాగితం.
ఆమె తనను తాను కనిపెట్టడానికి ఇంకో మూడేళ్ళు.

కోటి విద్యలూ కూటి కొరకే.
సరే. మరి ఆ కూడు వండిన చెయ్యి
ఏ విద్య కిందికి వస్తుంది?

నా పెన్సిల్ గుర్తులు అప్పటికే అట్ట మీద ఉన్నాయి.
కుడిపక్క చెమ్మ మరక, గోధుమ రంగుది;
రెండు వేళ్ళ వెడల్పున కప్పేస్తే అందంగా ఉంటుందని
కొలత వేసుకుని పెట్టాను.
మరక కింద ఏముందో చూడలేదు.
ఇరవై రెండేళ్ళుగా ఇలా ఎన్ని అంచుల్ని
అట్ట కింద తొక్కిపెట్టానో
ఈ సందులో ఎన్ని గోడలకు తెలుసు!
రబ్బరుతో చెరిపాను. మళ్ళీ కొలిచాను, మరకతో సహా.

ఆమె ఫోరింట్లు లెక్కపెట్టి, చిల్లర విడిగా పేర్చి,
తలుపు దాకా వెళ్ళి తిరిగింది.
"దీని తర్వాత ఇంకా తొమ్మిది తీసుంటారు కదా?
వాటిల్లో పొగ ఉందంటావా?"

లోతు లేని గీతలే ముందు పోతాయి.
పనివాణ్ణి, నాకు తెలుసు.
అద్దం గురువారానికి సిద్ధం చేస్తాను, అన్నాను.

ఆమె నవ్వింది, పై పళ్ళు రెండే కనిపించేలా.
"లేకపోతే ఏంలే," అంది, రుమాలు తలకు ముడేసుకుంటూ,
"అప్పటికి అందరూ తినేసుంటారు."